550 డాలర్లిచ్చి, కళ్ళెదురుగా ఉన్న పెద్ద చేపని వదిలేసి వచ్చాం – జేమ్స్ నదిలో స్మాల్‌మౌత్ గైడ్ ట్రిప్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, గైడ్ పేరు రాయట్లేదు, అడగొద్దు. మెచ్చుకోడానికి చాలా ఉంది, సణుక్కోడానికీ అంతో ఇంతో ఉంది, ఒక్క మనిషి ఒక్క రాఫ్టుతో నడుపుకునే వ్యాపారం అది, పేరు పెట్టి రాస్తే మంచి మాటలన్నీ పోయి సణుగుడే మిగుల్తుంది. వర్జీనియాలో బుకానన్ ఊరి దగ్గర జేమ్స్ నది మీద, మే నెల మూడో వారంలో, ఒక రోజంతా ఫ్లై ఫిషింగ్, అంటే ఎర బదులు వెంట్రుకలూ ఈకలతో కొక్కేనికి కట్టిన దొంగ ఈగని (ఫ్లై) విసిరి చేప పట్టడం. చేప స్మాల్‌మౌత్ బాస్. పడవలో నేనూ మా బావమరిదీ, తెడ్ల దగ్గర గైడ్ పెద్దాయన. ఆ చుట్టుపక్కల మీరు ఎవర్ని పెట్టుకున్నా ఈ సీజన్లో ఏం జరుగుతుందో, ఏం అడిగి తెలుసుకోవాలో, ఎక్కడ జేబు జాగ్రత్తగా చూసుకోవాలో పనికొస్తుందని రాస్తున్నా. రేటింగ్ అడిగితే ఐదుకి నాలుగు.

నేను రిచ్మండ్ వైపు ఉంటా. ఆరేళ్ళ నుంచి బ్లూ రిడ్జ్ కొండవాగుల్లో ట్రౌట్ చేపల కోసం వెళ్తున్నా, అంటే 4 వెయిట్ కర్ర (నంబర్ పెరిగేకొద్దీ బరువైన లైను విసిరే గట్టి కర్ర), గోరంత ఈగ, మోకాలి లోతు నీళ్ళు, జానెడు చేప దొరికితే ఆ వారమంతా ఇంట్లో అదే గొడవ. స్మాల్‌మౌత్ గురించి వినడమే గానీ పెద్ద నదిలో ఫ్లై వేసింది లేదు. మా బావమరిది సంగతి ఇంకా వేరు, వాడు చిన్నప్పుడు కాలవ గట్టున వానపాముతో గాలం వేసినవాడే తప్ప ఫ్లై రాడ్ ఎప్పుడూ పట్టుకోలేదు, పైగా వాడు శనివారం నీచు ముట్టడు. మేం బుక్ చేసుకున్నది శనివారమే. "పట్టి వదిలేస్తాం కదా బావా, తినం కదా, దోషం ఉండదులెండి" అని వాడే తీర్పు చెప్పేసుకున్నాడు, నేనేం మాట్లాళ్ళేదు.

డబ్బుల సంగతి. ఇద్దరికి కలిపి రోజుకి 550, అందులో 150 ముందు కట్టాలి. కర్రలు, రీళ్ళు, ఫ్లైలు, మధ్యాహ్నం తిండి అన్నీ అందులోనే అని చెప్పాడు. లైసెన్స్ మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి, వర్జీనియాలో 16 ఏళ్ళు దాటినవాళ్ళందరికీ ఉండాలి, ఈ రాష్ట్రంలో ఉండేవాళ్ళకైతే మంచినీటి చేపలకి ఏడాదికి 23 డాలర్లు, ఆన్‌లైన్లో ఐదు నిమిషాల పని. బయటి రాష్ట్రం నుంచి వచ్చేవాళ్ళకి ఒక్కరోజు లైసెన్స్ కూడా ఉంది.

నిజానికి మొదట మేం తీసుకున్న డేట్ మే మొదటి శనివారం. శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసి రావొద్దన్నాడు, కొండల్లో వానపడి ఎర్రనీరు దిగింది, అడుగు లోతులో చెయ్యి పెడితే కనపడట్లేదు, మీ డబ్బు తీసుకుని మిమ్మల్ని ఊరికే తిప్పడం నాకు ఇష్టం లేదు అన్నాడు. అడ్వాన్స్ అలాగే కొత్త డేట్‌కి మార్చాడు, ఒక్క మాట కూడా బతిమాలించుకోలేదు. నాకు అక్కడే ఈయన మీద సగం నమ్మకం వచ్చేసింది. ఎందుకంటే స్మాల్‌మౌత్ కళ్ళతో వేటాడే చేప, నీళ్ళు మరీ బురదగా ఉంటే ఫ్లై దాని ముక్కు మీద పడినా లాభం లేదు, ఆ సంగతి దాచిపెట్టి పడవ ఎక్కించేసి "ఇవాళ లక్కు లేదు" అనేవాళ్ళు కూడా ఉంటారు మరి.

రెండో డేట్‌కి తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం, ఐ-64 హైవే మీద స్టాంటన్ దాకా పోయి అక్కణ్ణించి ఐ-81 పట్టుకుని కిందికి, మూడు గంటలకి కొంచెం తక్కువ. బుకానన్ చిన్న ఊరు, నది మీద మనుషులు నడిచే వేలాడే వంతెన ఒకటుంది, పొగమంచులో అది సగమే కనపడుతోంది. ఏడింటికి పడవలు దింపే ర్యాంప్ దగ్గర పెద్దాయన రాఫ్ట్ దింపుతూ ఉన్నాడు. అరవై దాటినట్టున్నాడు, మాట తక్కువ. పలకరింపు అవగానే చేసిన మొదటి పని నీళ్ళలో థర్మామీటర్ పెట్టడం. 64 డిగ్రీలు, ఫారెన్‌హీట్. చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు, దేనికి అంటే "రోజంతా దీన్నిబట్టే" అని ఊరుకున్నాడు. తర్వాత ఆ రోజంతా ముక్కలు ముక్కలుగా ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది: నీళ్ళు 60 దాటాక ఈ చేపలు గుడ్లు పెట్టడం మొదలెడతాయి, కానీ అన్నీ ఒకేసారి పెట్టవు. అందుకని మే నెలాఖరుకి ఒకే నదిలో మూడు రకాల చేపలుంటాయి. ఇంకా గుడ్లు పెట్టక బాగా మేస్తున్నవి, గూడు మీద కాపలా కూర్చున్న మగవి, గుడ్లు పెట్టేసి అలిసిపోయి కాస్త లోతు నీళ్ళలోకి పోయి కోలుకుంటున్న ఆడవి. మూడూ మూడు చోట్ల ఉంటాయి, మూడింటికీ ఆకలి వేరు. ఇది తెలియకుండా ఎక్కడపడితే అక్కడ విసిరితే దొరికేది దొరుకుతుంది గానీ ఏది ఎందుకు దొరికిందో తెలీదు.

పడవ ఎక్కేముందు గులకరాళ్ళ తిన్నె మీద ఇరవై నిమిషాలు విసరడం నేర్పాడు. ఇక్కడే నా ఆరేళ్ళ అనుభవం గాల్లో కలిసింది. చేతికిచ్చింది తొమ్మిదడుగుల 7 వెయిట్ కర్ర, కొసన క్లౌజర్ మిన్నో. ట్రౌట్ ఈగకి బరువుండదు, లైను బరువే దాన్ని మోసుకుపోతుంది. ఈ క్లౌజర్‌కి తల దగ్గర డంబెల్ లాంటి సీసం కళ్ళుంటాయి, నేను నా పాత అలవాటుతో టకటకా వెనక్కీ ముందుకీ ఊపేసరికి అది చెవి పక్కనుంచి రయ్యిమని పోయి టోపీకి తగిలింది. నెమ్మదిగా ఊపు, వెనక్కి వెళ్ళిన లైను పూర్తిగా సాగేదాకా ఆగు, గాల్లో లైను తిరిగే వంపు (లూపు) వెడల్పుగా రానీ, అందంగా ఉండక్కర్లేదు అన్నాడు. ఈ ఫ్లై కథ చెప్పాలి ఇక్కడ, పెన్సిల్వేనియాలో సస్క్వెహన్నా నది ఒడ్డున ఉండే బాబ్ క్లౌజర్ అనే ఆయన 1980ల్లో ప్రత్యేకంగా ఈ స్మాల్‌మౌత్ కోసమే కట్టింది, పేరు పెట్టింది ఫ్లై ఫిషింగ్ గురువుగా పేరున్న లెఫ్టీ క్రే, ఆ తర్వాత సముద్రపు చేపల దాకా అన్నింటికీ వాడేస్తున్నారు. చూడ్డానికి ఏముండదు, నాలుగు పోగుల జింక తోక వెంట్రుకలు, కాసిన్ని తళుకులు, కొక్కెం. కానీ కళ్ళు బరువు కాబట్టి గుంజినప్పుడు ముందుకొస్తుంది, ఆపితే తల కిందికి పెట్టి మునుగుతుంది, మళ్ళీ గుంజితే లేస్తుంది. దెబ్బ తిన్న చిన్నచేప సరిగ్గా అలాగే కొట్టుకుంటుంది.

సణుగుడు నంబర్ ఒకటి ఇక్కడే. నాకిచ్చిన కర్ర మంచిదే గానీ దాని మీద లైను పాతది, వేలితో రాస్తే గరగరలాడుతోంది, మొదటి ముప్పై అడుగుల్లో సన్నటి పగుళ్ళు. పగిలిన లైను కర్ర మీది రింగుల్లోంచి జారదు, తేలాల్సిన లైను కొస మునుగుతూ ఉంటుంది. రోజుకి 550 తీసుకునేవాడు ఏడాదికోసారి లైను మార్చలేడా? అడిగా కూడా. "ఇంకో స్పూల్ ఇంట్లో ఉంది" అన్నాడు, స్పూల్ అంటే లైను చుట్టి ఉండే చక్రం. ఇంట్లో ఉంటే నాకెందుకు. మధ్యాహ్నం నుంచి బావమరిది కర్ర నేను, నాది వాడు మార్చుకున్నాం, వాడికి తేడా తెలీదు కాబట్టి.

బుకానన్ నుంచి ఆర్కేడియా ర్యాంప్ దాకా ఆరు మైళ్ళు అటూ ఇటూ. ఇలా రాస్తే తక్కువగా అనిపిస్తుంది గానీ ఎనిమిది గంటలు పట్టింది, ఎందుకంటే రాఫ్ట్ నీళ్ళతో పాటు పోదు, పెద్దాయన ప్రవాహానికి ఎదురు తెడ్డేసి దాన్ని నదికన్నా నెమ్మదిగా నడుపుతాడు. ఒడ్డుకి నలభై అడుగుల దూరం, అంతకన్నా దగ్గరకి రాడు దూరం పోడు. మేం ఒడ్డు వైపు విసరడం, గుంజడం, మళ్ళీ విసరడం. బండల వెనకాల సుడి తిరిగే చోట, జోరు నీళ్ళూ నిలవ నీళ్ళూ ఒరుసుకునే గీత మీద, నదికి అడ్డంగా పరుచుకున్న రాతి అంచుల కింద, పడిపోయిన సికమోర్ చెట్ల కొమ్మల్లో. ఆయన నోటితో చెప్పేది తక్కువ, తెడ్డు ఆపాడంటే అక్కడ వెయ్యమని. పదింటికల్లా అది పట్టుకున్నాం.

మొదటి గంటన్నరలో నాకు ఏడు చేపలు తగిలాయి, చేతికొచ్చింది ఒక్కటి. కారణం సిగ్గుగా ఉంది చెప్పడానికి. ట్రౌట్ ఈగని తాకగానే కర్ర పైకెత్తుతాం, ఆరేళ్ళుగా ఎత్తుతున్నా, చెయ్యి దానంతటదే లేస్తుంది. బాస్ దవడ ట్రౌట్‌ది లాగా మెత్తగా ఉండదు, కొక్కెం పెద్దది, కర్ర ఎత్తితే కర్ర వంగుతుంది అంతే, కొక్కెం దిగదు, పైగా ఫ్లై చేప ముందునుంచి ఎగిరిపోతుంది. కర్ర కొస నీళ్ళ వైపే ఉంచి ఎడం చేత్తో లైనుని గట్టిగా వెనక్కి గుంజాలి. స్ట్రిప్ సెట్ అంటారు. అలా గుంజితే తగలకపోయినా ఫ్లై అడుగో రెండడుగులో జరిగి అక్కడే ఉంటుంది, అదే చేప తిరిగొచ్చి మళ్ళీ కొడుతుంది. ఆయన మొదటిసారి మర్యాదగా చెప్పాడు, రెండోసారి కొంచెం గట్టిగా చెప్పాడు, నాలుగోసారి నేను ఎత్తినప్పుడు ఏమీ అనకుండా నది వైపు చూస్తూ కూర్చున్నాడు, అది తిట్టుకన్నా ఘోరం. ఈలోగా మా బావమరిది ముందు సీట్లో నుంచుని మూడు పట్టేశాడు. వాడికి మర్చిపోవాల్సింది ఏదీ లేదు, చిన్నప్పుడు గాలం దారం చేత్తో గుంజినవాడు, వాడికి ఇదే సహజం. "కర్ర ఎందుకెత్తుతున్నారు బావా" అని వాడు కూడా అనడం మొదలెట్టాడు, వాణ్ణి నేనే తీసుకొచ్చా.

చేప తగిలాక మాత్రం ట్రౌట్‌తో పోలికే లేదు. పన్నెండంగుళాల చేప 7 వెయిట్ కర్రని అంతలా వంచుతుందంటే నమ్మలేదు. ముందు గాల్లోకి ఎగురుతుంది, తల విదిలిస్తుంది, అది అయ్యాక తిన్నగా జోరు నీళ్ళలోకి దిగి అక్కడ అడ్డంగా తిరుగుతుంది, నదితో కలిపి లాగాల్సి వస్తుంది మనం. రంగు కంచు రంగు, పక్కన నిలువు చారలు, కన్ను ఎర్రగా. మధ్యలో రెడ్‌బ్రెస్ట్ సన్‌ఫిష్‌లు కూడా పడ్డాయి, అరచెయ్యంత, పొట్ట నారింజ రంగులో, అవి పడ్డా మాకు సంతోషమే. ఫాల్‌ఫిష్ ఒకటి పడింది, మొదటి పది సెకన్లు రికార్డు చేప అన్నంత హడావిడి చేసి తర్వాత తడి గోనెసంచిలా వచ్చేసింది.

ఇప్పుడు అసలు సంగతి. పదిన్నర దాటింది. ఎడం ఒడ్డున పెద్ద బండ వెనకాల నీళ్ళు దాదాపు నిలిచి ఉన్నాయి, లోతు మూడడుగులకి మించదు. అడుగున గులకరాళ్ళ మీద గుండ్రంగా తెల్లటి చోటు, రెండడుగుల వెడల్పు, ముగ్గెయ్యడానికి వాకిలి ఊడ్చి పెట్టినట్టు శుభ్రంగా. దాని మీద ఒక చేప. ముదురు రంగు, కదలట్లేదు, రెక్కలు మాత్రం ఆడుతున్నాయి. పోలరైజ్డ్ కళ్ళజోడు ఆయనదే అప్పిచ్చాడు, లేకపోతే కనపడేది కాదు. ఇరవై అంగుళాలుంటుంది, పోనీ పంతొమ్మిది. నా జన్మలో అంత పెద్ద చేప ఫ్లై కర్ర దూరంలో చూళ్ళేదు. నేను లైను ఎత్తేలోపు రాఫ్ట్ పక్కకి పోయింది. ఆయన రెండు తెడ్లు గట్టిగా వేసి నది మధ్యకి లాగేశాడు. "వాడు డ్యూటీలో ఉన్నాడు, వదిలేద్దాం" అన్నాడు.

నాకు కోపం వచ్చింది, అబద్ధం ఎందుకు. విస్తరి ముందు కూర్చోబెట్టి గారెలు చూపించి వెనక్కి తీసుకెళ్ళినట్టుంది. డబ్బు నాది, లైసెన్స్ నాది, వర్జీనియాలో ఏడాది పొడుగునా బాస్ పట్టొచ్చు, చట్టం అడ్డు లేదు. ఆ మాటే అన్నాను. అవును, చట్టం అడ్డు లేదు అన్నాడు, తెడ్డేస్తూనే ఉన్నాడు. తర్వాత పావుగంటలో అలాంటి గూళ్ళు ఇంకో నాలుగు దాటించాడు, ప్రతిసారీ ముందే చూసేవాడు, ముందే పక్కకి తిప్పేవాడు. నేను మాట్లాడ్డం మానేశా. పడవలో ముగ్గురూ మౌనం, ఒక్క బావమరిది మాత్రం విసురుతూ ఉన్నాడు.

వాడే అడిగాడు చివరికి, అది అక్కడ ఏం చేస్తోంది అని. అప్పుడు పెద్దాయన ఆ రోజు మొత్తంలోకీ ఎక్కువ మాట్లాడాడు. గూడు తోకతో ఊడ్చేది మగది. ఆడది వచ్చి గుడ్లు పెట్టి పోతుంది, ఇక దాని బాధ్యత లేదు. మగది మాత్రం గుడ్లు పొదిగేదాకా, పిల్లలు నల్లటి మబ్బులా పైకి లేచి తిరగడం మొదలెట్టి చెదిరిపోయేదాకా, వారాల తరబడి అక్కడే ఉంటుంది, మేత దాదాపు మానేస్తుంది. మన ఫ్లై దాని ముందు పడితే నోట్లోకి తీసుకుంటుంది, ఆకలై కాదు, గూట్లోంచి అవతల పారెయ్యడానికి. అందుకే దాన్ని పట్టడం సులువు. పట్టి, ఫొటో తీసి, వదిలితే చేప బతుకుతుంది, నిజమే, కానీ అది లేని ఆ రెండు మూడు నిమిషాల్లో చుట్టూ కాచుకుని ఉన్న సన్‌ఫిష్‌లూ, రొయ్యల్లాంటి క్రేఫిష్‌లూ గూట్లో పడతాయి. మరీ అలిసిపోతే అది గూడు వదిలేసి పోతుంది కూడా. పైగా ఇక్కడ మే, జూన్‌లలో పెద్ద వరద వచ్చిందంటే ఆ ఏడు పిల్లలు చాలా వరకు కొట్టుకుపోతాయి, ఈ ఏడు మే మొదట్లో ఒకసారి ఎర్రనీరు వచ్చి పోయింది, ఇప్పుడు ఉన్నవి రెండోసారి కట్టుకున్న గూళ్ళు కూడా కావచ్చు అన్నాడు. నదిలో ఈ చేప ఇరవై అంగుళాలకి రావడానికి పదేళ్ళ దాకా పడుతుందట. పెన్సిల్వేనియాలోనైతే ఒకప్పుడు సస్క్వెహన్నాలో కొంత భాగం మేర మే నుంచి జూన్ మధ్య దాకా బాస్ జోలికే పోకూడదని రూలే పెట్టారు, ఇక్కడ లేదు, "లేదు కాబట్టి నేను పెట్టుకున్నా" అన్నాడు. 2007 నుంచి కొన్నేళ్ళు వసంతంలో ఈ ఎగువ జేమ్స్‌లో చేపలు ఒంటి మీద పుళ్ళు పడి చచ్చిపోయాయి, అంతకుముందు షెనాండోవా నదిలో అలాగే జరిగింది. అప్పుడు బుకింగులు మానేసి కూర్చున్నాను అని కూడా చెప్పాడు.

మా వాడు నా వైపు తిరిగి "మన కొరమీను లాగే కదా బావా" అన్నాడు. నిజమే. చెరువులో కొరమీను పిల్లలు ఎర్రగా గుంపుగా తిరుగుతుంటే కింద పెద్దవి కాపలా ఉంటాయి, మేం చిన్నప్పుడు ఆ గుంపు చూసుకునే గాలం వేసేవాళ్ళం, అదే తెలివి అనుకునేవాళ్ళం. నేను ఆ సంగతి పెద్దాయనకి చెప్పలేదు.

కోపం పూర్తిగా పోయిందా అంటే పోలేదు. ఈ ముక్క బుకింగ్ అప్పుడే చెప్పాలి కదా. "మే నెలలో గూళ్ళ మీద చేపల్ని పట్టనివ్వను" అని ఒక్క లైను మెసేజ్‌లో పెడితే, ఇష్టమైనవాడు వస్తాడు లేనివాడు ఇంకో గైడ్‌ని చూసుకుంటాడు. పడవెక్కాక నది మధ్యలో చెప్పడం కస్టమర్‌కి బాగుండదు. నేనైతే తెలిసినా వెళ్ళేవాణ్ణి, అది వేరే సంగతి.

మధ్యాహ్నం తిండి. వారం ముందు మెసేజ్ పెట్టి తిండి విషయంలో ఏమైనా పట్టింపులున్నాయా అని అడిగాడు, ఒకరు మాంసం తినరు అని స్పష్టంగా రాశా. తిన్నె మీద రాఫ్ట్ ఆపి కూలర్ తెరిస్తే మూడూ హామ్ శాండ్‌విచ్‌లే. మర్చిపోయానన్నాడు, మొహం ఎర్రబడింది పాపం. బావమరిది హామ్ తీసి నాకిచ్చి బ్రెడ్డూ చీజూ తిన్నాడు, తర్వాత వాడి బ్యాగులోంచి పులిహోర డబ్బా బయటికొచ్చింది, వాళ్ళక్క ముందే ఊహించి పెట్టింది. పెద్దాయనకి కూడా పెట్టాం. రెండు ముద్దలు తిని నీళ్ళు తాగి, మళ్ళీ పెట్టించుకున్నాడు.

అప్పుడే ఇంకో కథ చెప్పాడు, అసలు ఈ చేప ఈ నదిది కాదట. అప్పలాచియన్ కొండలకి అవతల ఒహాయో నది వైపు ఉండేది. 1854లో బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలింజన్ వెనక నీళ్ళ ట్యాంకులో కొన్ని చేపల్ని వేసి కొండ దాటించి పొటోమాక్ నదిలో వదిలారు, అక్కణ్ణించి అది బలిసి, తర్వాత జేమ్స్‌కీ వచ్చింది. "అయితే ఇది కూడా వీసా మీద వచ్చినదే" అన్నాడు మా వాడు, పెద్దాయనకి అర్థమయ్యేలా చెప్పడానికి కొంచెం టైం పట్టింది గానీ నవ్వాడు, ఆ రోజుకి మొదటిసారి.

మధ్యాహ్నం మబ్బు పట్టింది, అప్పుడు ఫ్లై మార్చి పాపర్లు కట్టాడు. ఈ ముక్క కోసం అయినా ఇంత దూరం వెళ్ళొచ్చు. పాపర్ అంటే నీళ్ళ మీద తేలేది, ముందు భాగం గుంటగా ఉంటుంది, ఒక్క గుంజు గుంజితే బుడుక్ మంటుంది. నేను బుడుక్ బుడుక్ మని వరసగా గుంజుతుంటే ఆపాడు. ఒక్కసారి చప్పుడు చెయ్యి, ఆ వలయాలు చెదిరి నీళ్ళు అద్దంలా అయ్యేదాకా ఊరికే ఉండు, తర్వాత ఇంకోసారి. చెప్పడం తేలిక, ఆ ఏడెనిమిది సెకన్లు చేతులు ఊరుకోవు. మూడున్నరకి రాతి అంచు కింద నురగ పక్కన వేశా, ఒక చప్పుడు, ఆగా, వలయాలు పోయాయి, అప్పుడు పాపర్ మాయమైంది. ఎగరడం, చిమ్మడం ఏమీ లేదు, టీ గుటక వేసినట్టు చిన్న చప్పుడు అంతే. నేను కర్ర ఎత్తలేదు. లైను గుంజా. ఆ తర్వాత అయిదు నిమిషాలు ఏం జరిగిందో వరసగా గుర్తులేదు, నాలుగుసార్లు ఎగిరింది, ఒకసారి రాఫ్ట్ కిందకి పోయింది, పెద్దాయన "కర్ర అటు తిప్పు" అని అరిచాడు, మా వాడు ఫోన్ తీసి వీడియో అనుకుని స్లో మోషన్‌లో నా మోచెయ్యి తీశాడు. పద్దెనిమిదిన్నర అంగుళాలు, మూడు పౌండ్లకి అటూ ఇటూ. ఆడది, గుడ్లు పెట్టేసింది, తోక కింద అంచు అరగలేదు చూడు, గూడు ఊడ్చిన మగదైతే అరిగి ఉంటుంది అని చూపించాడు. వలలో నీళ్ళలోనే ఉంచి, చెయ్యి తడుపుకుని, ఒక్క ఫొటో, వదిలేశాం. ఇక్కడ 14 నుంచి 22 అంగుళాల మధ్య బాస్ ఏదైనా ఎలాగూ వదలాల్సిందే, జేమ్స్‌లో ఈ భాగానికి అదే రూలు.

మొత్తం మీద ఇద్దరం కలిసి పందొమ్మిది బాస్, అందులో వాడివి పదకొండు. వాడు ప్రతివాళ్ళకీ చెప్తున్నాడు కాబట్టి నేనే రాసేస్తే పోతుంది.

ఆర్కేడియాలో దిగేసరికి నాలుగైంది. సణుగుడు నంబర్ రెండు, కాదు, హామ్ కలిపితే మూడు, గూళ్ళ సంగతి కలిపితే నాలుగు. మా కారుని బుకానన్ నుంచి కిందకి తెచ్చిపెట్టినందుకు 40 డాలర్లు షటిల్ ఛార్జ్ విడిగా అన్నాడు. అన్నీ కలిపి 550 అన్నదానికి ఇది ఎందుకు కలవదో నాకు అర్థం కాలేదు. కారు తోలింది ఆ ఊళ్ళో ఇంకో కుర్రాడట, డబ్బు అతనిది. ఇచ్చేశాం. టిప్ 20 శాతం ఇక్కడ మామూలు, 110 ఇచ్చా, ఇవ్వబుద్ధేసే ఇచ్చా.

ఎవరికి పనికొస్తుంది ఈ ట్రిప్ అంటే, అస్సలు రానివాళ్ళకీ బాగుంటుంది, ట్రౌట్ నుంచి వచ్చే నాలాంటి వాళ్ళకి ఇంకా అవసరం, ఒంటరిగా నేర్చుకుంటే ఆ కర్ర ఎత్తే రోగం పోడానికి రెండు సీజన్లు పట్టేది. చిన్నపిల్లల్ని తీసుకెళ్ళొద్దు, ఎనిమిది గంటలు రాఫ్ట్‌లో, మధ్యలో చిన్న ర్యాపిడ్లు, బాత్రూం అంటే చెట్టు చాటే. పెద్ద చేప ఫొటో ఒక్కటే లక్ష్యం అయితే ఈయన్ని కాదు, ఏప్రిల్‌లో గుడ్లు పెట్టకముందు బరువుగా ఉన్నప్పుడు వెళ్ళండి, నీళ్ళు చల్లగా ఉంటాయి, చేపలు తక్కువ పడతాయి గానీ పడ్డవి బరువుగా ఉంటాయి. పాపర్ మీద ఆడాలంటే జూన్ రెండో వారం తర్వాత బాగుంటుంది అని ఆయనే చెప్పాడు.

వెళ్ళేవాళ్ళు కాషాయం లేదా గోధుమ రంగు అద్దాల పోలరైజ్డ్ కళ్ళజోడు మీది మీరే తెచ్చుకోండి, ఆయన దగ్గర ఒక్కటే ఎక్స్‌ట్రా ఉంది, ఇద్దరూ వంతులేసుకోవాల్సి వచ్చింది. తిండి కూడా మీదే తీసుకెళ్ళండి. మేం జూన్ నెలాఖరుకి మళ్ళీ బుక్ చేశాం, ఈసారి శుక్రవారం. ఫోన్లో మొదట అడిగింది ఆ స్పూల్ ఇంట్లోంచి పడవలోకి వచ్చిందా అని. వచ్చిందన్నాడు. తర్వాత ఆయనే అడిగాడు, ఆ పసుపన్నం మళ్ళీ తెస్తారా అని.